తలంటు పోసుకోని పదకొండు మంది

ఒక దీపావళి పొద్దున పెరంబూరు రైల్వే క్వార్టర్సులో పదకొండు మంది పిల్లలు తలంటు పోసుకోకుండా ఇళ్ళలోంచి పారిపోయారు. దానికి కారణం నేను. పారిపోయినవాళ్ళు ఎక్కడ దాక్కున్నారో కూడా ముందే చెప్పేస్తాను, మా ఇంట్లోనే. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది గానీ ఆ పూట మా వీధిలో ఎవరూ నవ్వలేదు. మా అమ్మయితే తర్వాత రెండు రోజులు నాతో సైగలతోనే మాట్లాడింది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చుని ఉన్నాను. నాన్న వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా. మా వీధి చివర రాజమ్మగారు అనే ఆవిడ తన ఇంటి ముందరి హాల్లో చిన్న బడి నడిపేది. మా క్వార్టర్సులో ఉండే తెలుగువాళ్ళ పిల్లలు, ఆరేళ్ళ లోపు వాళ్ళు, ఇరవై మంది దాకా వచ్చేవాళ్ళు. రాజమ్మగారు పొట్టి మనిషి. మాట తక్కువ. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, దాని పైనుంచి మనిషిని చూసేది. ఆ చూపు పడిందంటే చెయ్యని తప్పు కూడా ఒప్పుకోవాలనిపిస్తుంది.

"ఒక నెల చూస్తా సుగుణా" అంది నన్ను చేర్చుకునేటప్పుడు. "దీపావళి సెలవులైనాక చెప్తా, ఉంచుకునేదీ లేనిదీ."

నెల చూడ్డం దేనికో నాకు అర్థం కాలేదు. నేను పుట్టిందే టీచరు కావడానికని నాకు ఎప్పుడో తెలుసు. ఆ సంగతి రాజమ్మగారికి తెలియడమే మిగిలింది.

సెలవులకు ముందు రోజు ఆమె నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది. దీపావళి బొమ్మల పుస్తకం. పళ్ళెమంత పెద్దది, పేజీకొక రంగుల బొమ్మ, బొమ్మ కింద రెండు ముక్కలు.

"ఇది పిల్లకాయలకు చదివి చూపించు. ఊరికే కథ చెప్తే చాలదు, దాంట్లో ఒక మంచి బుద్ధి ఉండాల. తల్లులు మెచ్చుకోవాల."

తిరగేసి చూస్తే మూడో పేజీ, నాలుగో పేజీ అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇవి ఊడి రావడం లేదండీ."

"గట్టిగా లాగినావంటే చిరిగిపోతుంది. ఆ కాస్తా నువ్వే చెప్పేసేయి" అని లోపలికి పోయింది.

నువ్వే చెప్పేసేయి అన్న ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

దీపావళి కథ మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక రాక్షసుడు, వాణ్ణి చంపిన ఒక తల్లి. ఆమె వాడికి ఏమవుతుందో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. మా నాన్న నాకు చెప్పాడు, గుర్తుంది. గుర్తుండడం వల్ల కూడా మనిషికి చేటు వస్తుందని అప్పటికి తెలియదు.

పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి మొదటి పేజీ తెరిచాను. కిరీటం పెట్టుకున్న రాక్షసుడు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు.

"ఈయన రాక్షసుడు" అన్నాను.

"రాక్షసుణ్ణి పట్టుకోని ఈయన అంటావేంది టీచరక్కా" అంది వసంత.

ఈ వసంతను గురించి చెప్పాలి. ఇంజను డ్రైవరు కూతురు, అయిదేళ్ళది. రెండు జడలు, ముందు రెండు పళ్ళు లేవు. ప్రశ్న అడిగిందంటే జవాబు వచ్చేదాకా కన్ను ఆర్పదు. పెద్ద కోర్టులో వకీళ్ళు దీని ముందర కూర్చుని నేర్చుకోవచ్చు.

"సరే, వీడు రాక్షసుడు" అని దిద్దుకున్నాను. రెండో పేజీలో వాడు నోరు తెరిచి అరుస్తున్నాడు. తర్వాత అతుక్కున్న పేజీలు. అవి దాటగానే అయిదో పేజీలో రథం మీద ఒక తల్లి, చేతిలో విల్లు, బాణం గురి పెట్టి.

"ఎందుకు బాణం వేస్తా ఉండాది?" అని వసంత.

"వాడు చెడ్డపనులు చేశాడు గనక."

"ఏం పనులు?"

చేసిన పనులన్నీ ఆ అతుక్కున్న రెండు పేజీల మధ్య ఉన్నాయి. నాకు తెలిసినవేమో అయిదేళ్ళ పిల్లలకు చెప్పేవి కావు. మళ్ళీ రెండో పేజీ తిప్పి వాడి ముఖం చూశాను. జుట్టు కొబ్బరిపీచు మాదిరి నిక్కబొడుచుకుని ఉంది. రాజమ్మగారి మాట గుర్తొచ్చింది. మంచి బుద్ధి, తల్లుల మెప్పు. రెండూ ఒక్క దెబ్బతో దొరికాయి అనుకున్నాను.

"వీడు తలంటు పోసుకోడు" అన్నాను. "వాళ్ళమ్మ నూనె గిన్నె తీసుకోగానే పరిగెత్తి పారిపోతాడు."

చాప మీద కదలిక ఆగిపోయింది.

"పాలు తాగుతాడా?" అన్నాడు గోపి. మా వీధిలో ఉండే ఆదిలక్ష్మక్క కొడుకు, నాలుగున్నర ఏళ్ళవాడు. పాల గ్లాసు చూస్తే వాడికి కడుపునొప్పి వస్తుందని వీధంతా తెలుసు.

"తాగడు. కుండీలో పారబోస్తాడు."

గోపి గుటక మింగాడు. "చెల్లెల్ని గిచ్చుతాడా?"

"గిచ్చుతాడు."

గోపి తన చేతి వేళ్ళు ఒకసారి చూసుకుని, ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

నాకు హుషారు వచ్చేసింది. సిగ్నలు పడిన గూడ్సుబండి మాదిరి ఇంక ఆగలేదు. వాడు గోళ్ళు కొరుకుతాడన్నాను. మట్టి తింటాడన్నాను. బలపం నోట్లో పెట్టుకుంటాడని, మధ్యాహ్నం పడుకోమంటే పడుకోడని, చీమిడి చొక్కాకు తుడుచుకుంటాడని చెప్పుకుంటూ పోయాను. నేను ఒక్కొక్కటి చెప్తుంటే పిల్లలు ఒక్కొక్కరే నిటారుగా కూర్చున్నారు. నెల రోజులుగా నోటి మీద వేలు పెట్టుకోమని గొంతు చించుకున్నా వినని గుంపు, ఆ రోజు ఎవరూ చెప్పకుండానే పెట్టుకుంది. లోపలి నుంచి రాజమ్మగారు వచ్చి, ఇంత నిశ్శబ్దం ఎందుకా అని తొంగి చూసి, "పర్వాలేదే" అని వెళ్ళింది. ఆమె నోట నేను విన్న మొదటి మెప్పు అదే.

అక్కడ పుస్తకం మూసేసి ఉంటే ఇది చెప్పుకోదగ్గ కథే కాదు.

"ఆమె ఎవురు?" అంది వసంత, విల్లు పట్టుకున్న తల్లిని చూపించి.

అప్పటిదాకా అన్నీ కల్పించి చెప్పినదాన్ని, ఇదొక్కటీ నిజం చెప్పాలని నాకు ఎందుకు తోచిందో ఇప్పటికీ తెలియదు.

"ఆమె వాళ్ళమ్మ" అన్నాను.

"పెంచుకున్న అమ్మనా, కన్న అమ్మనా?"

"కన్న అమ్మే."

ఇరవై మంది పిల్లలు ఆ బొమ్మ వైపు, ఆ బాణం వైపు చూశారు. అలాంటి నిశ్శబ్దం నేను మళ్ళీ మా వర్క్‌షాపు ఆదివారం పూట మూసినప్పుడు తప్ప వినలేదు.

ఇక్కడ మా వీధి తల్లులను గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ళు చాలా మంచివాళ్ళు. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లల్ని చంపేస్తామని అంటూనే ఉంటారు. "దిగుతావా లేదా, చంపేస్తా." "ఆ కుండ ముట్టుకున్నావంటే చంపేస్తా." ముద్దు పెట్టుకుంటూ కూడా అదే మాట. పిల్లలు ఆ మాటను కుళాయి చప్పుడు మాదిరి వినేవాళ్ళు, పట్టించుకునేవాళ్ళు కాదు. నిజంగా ఏ తల్లయినా చంపిందని వాళ్ళెక్కడా వినలేదు కదా. నేను ఆ రోజు వినిపించాను. రంగుల బొమ్మతో సహా చూపించాను.

వసంత చివరి ప్రశ్న అడిగింది. "మా అమ్మ అట్లొస్తే నేను ఏడికి పోవాల?"

నాకు నవ్వొచ్చింది. "మా ఇంటికి వచ్చేయండి అందరూ. నేను చూసుకుంటా."

గంట కొట్టాను. పిల్లలు వరసగా, తోసుకోకుండా, ఏదో ఆలోచించుకుంటూ ఇళ్ళకు పోయారు. మంచి బుద్ధి బాగా ఎక్కిందని సంతోషపడ్డాను.

మర్నాడే దీపావళి. తెల్లవారుతూ ఉండగానే మా ఇంట్లో తలంట్లు అయిపోయాయి. నేను కొత్త చీర కట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. పక్కింటి అరవావిడ గోడ మీంచి "గంగాస్నానం ఆచ్చా?" అని అడిగింది. మద్రాసులో దీపావళి పొద్దున అందరూ అందరినీ అడిగే మాటే అది. "అయింది మామీ" అన్నాను. అంతలో మా పెరటి తలుపు ఎవరో దబదబా బాదారు.

తీసి చూస్తే గోపి. ఒంటి మీద మొలతాడు తప్ప ఏమీ లేదు. తలకు కుడి పక్క మాత్రం నూనె ఉంది. చెవి మీంచి కారుతోంది.

"ఏందిరా?"

"మా అమ్మ చెప్పేసింది టీచరక్కా."

"ఏం చెప్పింది?"

"కదిలితే చంపేస్తానని" అని నా కాళ్ళ మధ్య దూరి, లోపలికి పోయి మంచం కింద చేరాడు.

వాణ్ణి బయటికి లాగేలోపల వసంత వచ్చింది. ఒక్కతే కాదు, వెనకాల నలుగురిని వేసుకుని వచ్చింది. "అందురికీ తలుపులు కొట్టి చెప్పినా. ఇంకా వస్తారు" అంది. ఇంకా వచ్చారు. కాసేపట్లో మా ముందు గదిలో పదకొండు మంది తేలారు. కొందరికి నూనె ఉంది, కొందరికి లేదు. ఒకడు మాత్రం జాగ్రత్తగా తన కొత్త చొక్కా చంకన పెట్టుకుని వచ్చాడు. మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చి చూసి, "ఏందే ఈ మంద" అంది.

నాకు అప్పటికీ నవ్వుగానే ఉంది. ఆదిలక్ష్మక్క వచ్చాక పోయింది.

మా క్వార్టర్సు వెనక గోడ దాటితే రైలు పట్టాలు. గోపి కనపడకపోయేసరికి ఆమె ముందు కుళాయి దగ్గర చూసింది, తర్వాత పిలుచుకుంటూ పట్టాల దాకా పరిగెత్తింది. అప్పుడే లోకల్ బండి ఒకటి పోయింది. ఆ బండి పోయినాక పట్టాల పొడుగునా నడిచి చూసిందట. మా వాకిట్లోకి వచ్చేసరికి చెప్పులు లేవు, నూనె గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మంచం కింద కొడుకు కాళ్ళు కనిపించగానే గడప మీదే కూలబడిపోయింది. ఆమె తిట్టి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు.

వెనకాలే మిగిలిన తల్లులు వచ్చారు. అందరి చేతుల్లోనూ నూనె గిన్నెలే. అది చూసి పిల్లలంతా గోడకు కరుచుకున్నారు.

"ఏం చెప్పినావు సుగుణా మా పిల్లకాయలకు?" అంది వసంత వాళ్ళమ్మ.

చెప్పాను. ఒకావిడ, "అంటే, నా కొడుకును నేను చంపుతానని చెప్పినావా, పండగ పూట?" అంది.

"లేదక్కా, పుస్తకంలో..."

"పుస్తకంలో తలంటు సంగతి ఉందా?"

"అది పేజీలు అతుక్కున్నాయక్కా."

ఆ జవాబుకు ఆమె ముఖం ఎలా పెట్టిందో చెప్పడం నా వల్ల కాదు.

నేను చేసింది నేనే సరిదిద్దాలని పిల్లల వైపు తిరిగాను. "ఇదిగో చూడండి. ఆ తల్లికి వాడు తన కొడుకని తెలీదు. తెలియక వేసేసింది బాణం. తెలిస్తే వేస్తుందా?"

బాగానే చెప్పానని అనుకున్నాను. వసంత కన్ను ఆర్పకుండా కాసేపు ఆలోచించింది.

"మరి మా అమ్మకు తెలుసా?"

పదకొండు మందికీ ఇదొక కొత్త భయం. అంతకుముందు ఎవరికీ రాని సందేహం ఇది. తల్లులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

చివరికి తీర్పు కూడా వసంతే చెప్పింది. "ముందు టీచరక్కకు వాళ్ళమ్మ తలంటు పొయ్యాల. మేము చూస్తాము. టీచరక్కకు ఏమీ కాకపోతే మేమూ పోసుకుంటాము."

నేను అప్పటికే స్నానం చేసి కొత్త చీర కట్టుకుని ఉన్నాను. అయినా ఆ గదిలో నా మాట వినేవాళ్ళు లేరు. పాత చీర కట్టుకుని పెరట్లో పీట మీద కూర్చున్నాను. వెనకాల మా అమ్మ నూనె గిన్నెతో. చుట్టూ పిల్లలు, వాళ్ళ వెనక తల్లులు. అప్పటికి గోడ మీద పక్కింటి మామీ కూడా ఉంది, "మళ్ళీయా?" అని అడుగుతూ.

మా అమ్మ నా మాడు మీద నూనె పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. పండగ పనులన్నీ ఆగిపోయిన కోపమంతా చేతుల్లోకి వచ్చింది. పిల్లలు నా ముఖాన్నే చూస్తున్నారు. నేను పళ్ళు బిగించి నవ్వుతున్నాను. గోపి కూడా మంచం కింద నుంచి వచ్చి రెండడుగులు ముందుకు వేశాడు. అంతా చక్కబడిపోయేదే. నూనె కంట్లో పడి నేను తల పక్కకు తిప్పాను.

"కదలొద్దే, చంపేస్తా" అంది మా అమ్మ.

పాపం, అలవాటు. ఆమె తప్పు లేదు. తల ఎత్తి చూసేసరికి పెరట్లో ఒక్క పిల్ల లేదు. పదకొండు మందీ మంచం కింద ఉన్నారు.

అప్పుడు ఆదిలక్ష్మక్క గిన్నె కింద పెట్టింది. కొంగు దోపుకుని, మోకాళ్ళ మీద వంగి, మంచం కిందికి తల పెట్టింది.

"గోపీ. నువ్వు నా కొడుకువు కదరా. నాకు తెలీకుండా ఎట్టుంటాది?"

లోపల రెండు కాళ్ళు గోడ వైపుకు జరిగాయి.

"నీ కోసం పట్టాలెంబడి ఏడ్చుకుంటా పోయినాను. తెలీకపోతే పోతానా?"

లోపలి నుంచి సన్నగా గోపి గొంతు వినిపించింది. "గట్టిగా చెప్పు. అందురికీ వినపడాల."

ఆదిలక్ష్మక్క లేచి నిలబడింది. మా ముందు గదిలో, అంత మంది ముందర, సాక్ష్యం చెప్పినట్టు గట్టిగా చెప్పింది. "వీడు నా కొడుకు. గోపి. నాకు బాగా తెలుసు."

గోపి బయటికి వచ్చాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుంది. వాడి తల మీది నూనె ఆమె పట్టు రవికకు అంటుకుంది, ఆమె చూసుకోలేదు.

ఆ తర్వాత మంచం ముందర తల్లులు టిక్కెట్టు కిటికీ దగ్గర నిలబడ్డట్టు వరస కట్టారు. ఒక్కొక్కరు రావడం, పేరు పెట్టి చెప్పడం, బిడ్డను తీసుకుపోవడం. వసంత మాత్రం వాళ్ళమ్మ చేత రెండుసార్లు చెప్పించుకుంది. మొదటిసారి ఇంటిపేరు చెప్పలేదట.

ఇదంతా వాకిట్లో నిలబడి రాజమ్మగారు చూస్తోంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. తల నిండా నూనెతో నేను ఎదురుగా పోయి నిలబడ్డాను.

"బడి తెరిచిన రోజు రా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

నా ఉద్యోగం అయిపోయిందని నాకు అర్థమైంది. సెలవులు నాలుగు రోజులూ నేను టపాకాయ ముట్టుకోలేదు. బడి తెరిచిన రోజు ముందుగానే పోయి, ఆమె ముందర తల వంచుకుని నిలబడ్డాను.

"పేజీలు అతుక్కోనుంటే అతుక్కోనుండాయని చెప్పాల" అంది. "అబద్ధం చెప్పినావు, మధ్యలో నిజం చెప్పినావు. రెండూ తప్పే."

"అవునండీ."

"ఉంచుకుంటా నిన్ను."

నేను తల ఎత్తాను.

"ఆ పదకొండు మందీ భయపడినప్పుడు వాళ్ళ నాయనల దగ్గిరికి పోలేదు, అవ్వల దగ్గిరికి పోలేదు. నీ దగ్గిరికి వచ్చినారు. అట్లాంటి మనిషి బడికి కావాల. కథలు మాత్రం పుస్తకంలో ఉండేదే చెప్పు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పొద్దు."

చెప్పనన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

డిసెంబరులో మా క్వార్టర్సు ఆంగ్లో ఇండియన్ దొరసాని ఒకామె, ఫోర్‌మన్ భార్య, మా బడికి ఒక క్రిస్మస్ బొమ్మల పుస్తకం ఇచ్చింది. ఇంగ్లీషు పుస్తకం, నిగనిగలాడే పేజీలు. రాజమ్మగారు ఈసారి తనే కుర్చీ వేసుకుని వెనకాల కూర్చుంది. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివాను. "ఇది చెట్టు. ఇవి దీపాలు. ఇది మంచు." రాజమ్మగారు తల ఊపింది. పేజీ తిప్పాను. ఎర్రకోటు వేసుకున్న తెల్లగడ్డం తాత ఒకాయన, భుజాన పెద్ద మూట వేసుకుని ఇంట్లోకి దూరుతున్నాడు.

"ఆ మూటలో ఏముండాది టీచరక్కా?" అంది వసంత.

మూటకు ముడి వేసి ఉంది. బొమ్మలో లోపలిది కనపడదు. కింద రాసిన రెండు ముక్కల్లోనూ లేదు.

"పుస్తకంలో చెప్పలేదు" అన్నాను. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. నా నిగ్రహానికి నాకే ముచ్చటేసింది.

పిల్లలు ఆ గడ్డాన్ని చూశారు, ఆ మూటను చూశారు. అప్పుడు గోపి లేచి నిలబడ్డాడు.

"నాకు తెలుసు. అన్నం తినని పిల్లకాయలు."

నేను రాజమ్మగారి వైపు చూశాను. ఆమె అప్పటికే కుర్చీలోంచి లేచి, వీధి తలుపుకు గడియ వేస్తోంది.

ఆ తలుపు ముందర నిలబడి, ఇరవై మంది ఏడుపు సాక్షిగా నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ పండగ పుస్తకమైనా సరే, అది ఏ మతానిదైనా సరే, ముందు నేను ఒక్కదాన్నే కూర్చుని ప్రతి పేజీ విడదీసి, ప్రతి మూట విప్పి, లోపల ఏముందో రాజమ్మగారికి చెప్పి, ఆమె సరేనన్నాకనే పిల్లల ముందు తెరుస్తాను. ఆ ఒట్టు అక్షరాలా నిలబెట్టుకున్నాను. సంక్రాంతికి, ఉగాదికి, శ్రీరామనవమికి మా బడిలో నేను చదివింది ఒక్కటే పుస్తకం. అది ఎక్కాల పుస్తకం.